సాబిర్ నీళ్ల తొట్టి

‘నమ్మి చెడినవాడు లేడు’ అంటారు. ఆ సామెత కట్టినవాడికి వెంకటప్పయ్య లాంటి స్నేహితుడు దొరికి ఉండడు.

అశ్వారావుపేటలో మా మోటారుసైకిళ్లకు పంక్చర్లు వేసే సాబిర్ ఒకప్పుడు ఢిల్లీలో విమానాల రెక్కలకు అతుకులు వేసేవాడు. మొదట విన్నప్పుడు నేనూ నవ్వాను. చలికాలం కాశ్మీరు వైపు ఎగిరే చిన్న విమానాల రెక్కల అంచున మంచు పేరుకుంటుంది. అది ముదిరితే విమానం గాల్లో నిలవలేదు. అందుకని అంచుకు రబ్బరు తొడుగు వేస్తారు. లోపలికి గాలి కొడితే అది ఉబ్బి మంచును పగలగొడుతుంది. ఆ తొడుగుకు చిల్లు లేకుండా చూడటం సాబిర్ పని. ఖమ్మంలో సైకిల్ ట్యూబులు అతికే అతన్ని అక్కడికి తీసుకుపోయింది మధిర వెంకటప్పయ్యే. అక్కడ ఆయన సూపర్‌వైజరు. సాబిర్‌కు సొంత అన్నకంటే ఎక్కువ.

1979 డిసెంబరులో ఒక పొద్దున సాబిర్ ఒక విమానం తొడుగు మీద సబ్బునీళ్లు పూసి గాలి కొట్టాడు. పాత అతుకు పక్కన బుడగలు లేచాయి.

“అప్పయ్యన్నా, గిది అతుకుకు ఆగదు. తొడుగే మార్చాలె.”

“అట్టాగే రాశాలే. నువ్వు సంతకం పెట్టు,” అన్నాడు వెంకటప్పయ్య.

కాగితం ఇంగ్లీషులో ఉంది. సాబిర్‌కు ఆ భాష రాదు. “నువ్వు రాసినవ్ గదా, ఇంక చూసేదేముంది?” అని సంతకం పెట్టేశాడు.

ఆ విమానం నలభై మందితో మంచులో చిక్కుకుని, ఒక పక్కకు ఒరిగిపోయి, ఎలాగో వెనక్కి వచ్చి దిగింది. విచారణలో కాగితం చదివారు: ‘పరీక్షించాను. తొడుగు బాగుంది.’ కింద సాబిర్ సంతకం. విమానం ఆలస్యమైతే పై అధికారి కేకలేస్తాడన్న భయంతో వెంకటప్పయ్య అలా రాశాడట! “అతనే బాగుందన్నాడండీ,” అన్నాడు విచారణలో. సాబిర్ ఉద్యోగం పోయింది.

“కొలువు పోయినందుకు ఏడ్వలే తమ్మీ,” అన్నాడు సాబిర్ నాతో. “గా మాట చెప్పేటప్పుడు అన్న నా మొఖం గూడ చూడలే. గందుకు ఏడ్చిన.”

తర్వాత అశ్వారావుపేటలో పెట్టిన పంక్చర్ల కొట్లో అతనికొక రివాజు. అతికిన ట్యూబును తొట్టిలో ముంచి, బుడగ రావట్లేదని బండివాడు కళ్లారా చూస్తేనే టైరు ఎక్కిస్తాడు. తొందరలో ఉన్నవాళ్లు తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను.

1994 వేసవిలో పామాయిల్ తోట చూడటానికి వచ్చిన వెంకటప్పయ్య బండి పంక్చరై, సరిగ్గా ఆ కొట్టు ముందే ఆగింది. నేనక్కడే ఉన్నాను. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. సాబిర్ అతుకు వేసి, ట్యూబును నీళ్లలో ముంచాడు.

“చూడు.”

“నువ్వేశావుగా సాబిర్, ఇంకా చూసేదేముంది?”

సాబిర్ ట్యూబును నీళ్లలోకి ఇంకాస్త నొక్కాడు.

“అప్పుడు నేను గూడ గిదే మాటన్న అప్పయ్యన్నా. వంగి చూడు.”

వెంకటప్పయ్య వంగాడు. నీళ్లలో బుడగ ఒక్కటీ లేదు. అయినా ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.