డాలువీరుడి ఫిర్యాదు

ఆన్‌లైన్ ఆట నడిపే ఆ ఆఫీసులో ఆటగాళ్ల ఫిర్యాదులకు జవాబులిచ్చేది ఆవిడే. జట్టుకు అడ్డంగా నిలబడి దెబ్బలు తినే డాలువీరుడి బలం తగ్గించినప్పటి నుంచీ తిట్లు కుండపోతగా కురుస్తున్నాయి. మొదట్లో అన్నీ చదివేది. ఇప్పుడు ఓపిక లేదు. చల్లారిన టీ పక్కన పెట్టుకుని, మెడ నొక్కుకుంటూ, ప్రతి తిట్టు కిందా ఒకటే మాట అతికిస్తుంది: "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది." ఇంటికెళ్లాక మారుపేరుతో తనూ డాలువీరుడిగానే ఆడుతుంది. మొన్న రెండు దెబ్బలకే కూలిపోయేసరికి ఒళ్లు మండి, పేజీడు ఫిర్యాదు రాసి పంపింది. ఈ సాయంత్రం జవాబొచ్చింది.

"చూడండి, ఒక్క ముక్కైనా చదివినట్టుందా?" అంటూ ఫోను భర్త ముందు పెట్టింది.

"ఎవరిచ్చారేంటి?" అన్నాడాయన, ఉల్లిపాయలు తరుగుతూ.

జవాబు కింద ఉన్నది తన పేరే. ఆవిడ ఫోను బోర్లించింది.

"ఆ కత్తి ఇటివ్వండి, నేను తరుగుతాను."