సైలెన్సర్ మోత

ఇందాక మా వీధిలో ఒక బుల్లెట్ బండి కిటికీ అద్దాలు అదిరేలా పోయింది. ఇంట్లో అందరూ తిట్టుకున్నారు. నాకు మాత్రం ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పిన ప్రభావతి మేడం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మాది ఉదయగిరి దగ్గర పల్లె, జీవాలు కాసుకునే ఇల్లు. పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. "ఇంగ్లీషు చదువు తలకెక్కకపోతే వచ్చెయ్ మే, గొర్రెలుండాయి" అని నాయన ముందే చెప్పి పంపాడు.

మేడం పాఠం ప్రశ్నతో మొదలయ్యేది. "కంట్లో కణానికీ కాలేయంలో కణానికీ జన్యువులు ఒకటే. మరి కాలేయానికి చూపెందుకు లేదు?" జవాబూ ఆమే చెప్పేది. జన్యువు అసలు దస్తావేజు, ఆర్‌ఎన్‌ఏ దాని నకలు. ఏ కణంలో ఏ కాగితానికి నకలు తీయాలో, దేన్ని కట్ట విప్పకుండా ఉంచాలో చెప్పే ఏర్పాటు కణంలోనే ఉంటుంది. ఆ ఏర్పాటులో సైలెన్సర్ ఒక భాగం.

మొదటి పరీక్షలో అదే అడిగారు. సైలెన్సర్ వల్ల జన్యువు జోరు పెరుగుతుందని పేజీ నిండా రాశాను. బయటికొచ్చాక తప్పని తెలిసి, హాస్టల్లో సంచి సర్దేసుకున్నాను.

పేపర్లు పంచిన రోజు నాది రాలేదు. మేడం స్టాఫ్‌రూముకు పిలిచింది. నా పేపరు మీద ఇంకా మార్కు వేయలేదు.

"ఏందమ్మాయ్, ఎందుకిట్టా రాసినావు?"

"మా అన్న బండికి సైలెన్సర్ ఉండాది మేడం. వస్తాంటే ఊరంతా ఇనపడతాది. ఆ మోత దానిదే అనుకున్నా."

ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "ఆ గొట్టం ఊడబీకి చూడమను మీ అన్నను! అది ఆపంగా మిగిలిన మోత నువ్వు ఇనేది. కణంలోనూ అంతే. అణిచిపెట్టేది పోతే, ఊరకుండాల్సిన జన్యువు రెచ్చిపోతాది. కొన్ని క్యాన్సర్లు అట్టా వచ్చేవే."

"నేను ఊరికి పోతా మేడం" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పో. శనివారం పోయి సోమవారం రా." నా ముందే సున్నా చుట్టింది. "మిగతావాళ్లు పక్కపేపరు చూసి ఒప్పు రాసినారు. నువ్వు ఆలోచించి తప్పు రాసినావు. ఇకమీదట ముందు బెంచీలో కూర్చో."

ఆ సున్నా నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. సోమవారం తిరిగొచ్చాను.

ఇప్పుడు నేనూ ఆ పాఠమే చెబుతున్నాను. వింత తప్పు కనిపిస్తే రాసిన పిల్లను పిలిచి మాట్లాడాకే మార్కు వేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొందరలో, ఒకమ్మాయికి మాత్రం అడక్కుండానే సున్నా వేశాను. మరుసటి వారం నుంచి ఆమె కాలేజీకి రాలేదు. ఏమనుకుని అలా రాసిందో నాకు ఇప్పటికీ తెలియదు.