ఇటుకల మీద మంచం

బందరు నుంచి గుడ్లవల్లేరు వచ్చే బస్సు పెడన దాటుతుంటే కిటికీలోంచి కరక్కాయ వాసన కొడుతుంది. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో గుడ్డలు ముంచి ఎండలో ఆరేస్తే వచ్చే వగరు వాసన అది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను కిటికీ అద్దం ఇంకాస్త జరుపుతాను. ఆ వాసన తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగిస్తుంది. నాంచారమ్మగారు గుర్తొస్తారు.

నేను బందరు ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో పెడనలో వాళ్ళ పక్కింట్లో అద్దెకుండేదాన్ని. ఆవిడ కలంకారీ అద్దకం పనిచేసేవారు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క పోటు పొడిచేవారు. పొద్దున నాకు ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. అప్పటికే ఆవిడ జుట్టు ముగ్గుబుట్టలా ఉండేది. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

ఒకరోజు కాలవలో గుడ్డలు జాడిస్తూ రేవు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను మా ఆసుపత్రిలోనే అయింది. నడిపించమనే డాక్టరు చెప్పారు. కానీ ఇంటికి తెచ్చాక కొడుకు వెంకటేశ్వరరావు హాల్లో కొత్త ఇనప మంచం వేయించాడు. అద్దకం బల్ల విప్పించి ఎవరికో ఇచ్చేశాడు. చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. ఆ ప్రేమతోనే ఆవిణ్ణి మంచానికి కట్టేయబోయాడు. పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చిన చుట్టాలదీ అదే పాట.

"ఇంకా ఎందుకత్తా ఈ చాకిరీ? కృష్ణా రామా అనుకుంటూ పడుకోక!"

"కృష్ణుడూ రాముడూ పడుకున్నారంట్రా? ఒకడు రథం తోలాడు, ఇంకొకడు అడవులు పట్టుకు తిరిగాడు. ఆ పేర్లు చెప్పి నన్ను పడుకోమంటావేంటి?" అన్నారావిడ.

డ్యూటీ దిగి రాగానే నేను వెళ్ళి వాకరు పట్టించి నడిపించేదాన్ని. నొప్పికి నన్నూ, డాక్టర్నీ, రేవు మెట్లనీ కలిపి తిట్టేవారు. అయినా, "ఇక చాలు పిన్నిగారూ" అంటే వినేవారు కాదు. "నుంచోగలిగితే అచ్చు కొట్టగలను. అది చెయ్యలేకపోతే నేనెవర్నే అమ్మాయ్?" అని అడిగారొకసారి. వాకరు ఆవిడ ముందుకి జరిపాను.

ఒక సాయంత్రం వెళ్ళేసరికి పరుపు చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. మంచం కాళ్ళ కింద ఇటుకలు. పైన చెక్క, దాని మీద మడతలేసిన గోనెలూ తడి దుప్పటీ. వీధిలోని ముసలమ్మలు గుడ్డ కొసలు పట్టుకుని నిలబడ్డారు. నాంచారమ్మగారు మంచం పట్టెకి నడుం ఆనించి అచ్చు కొడుతున్నారు. పడుకోమని తెచ్చిన మంచం పనిబల్ల అయిపోయింది! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

వెంకటేశ్వరరావు వచ్చి చూసి గుమ్మంలోనే గొంతు లేపాడు. "మళ్ళీ పడితే ఎవరమ్మా దిక్కు?"

"పడితే లేస్తాను. పడుకుంటేనే లేవను."

అతను అచ్చులన్నీ తీసి అటక మీద పెట్టేశాడు. ఆవిడ అతన్ని ఆపలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం ముట్టలేదు.

మర్నాడు అతను పెళ్ళికి వెళ్ళాలని ఇస్త్రీ చేసిన తెల్ల పంచె దండెం మీద వేసుకుని స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ పంచె మంచం మీద పరిచి ఉంది. నాంచారమ్మగారు బెండకాయ అడ్డంగా కోసి, బెల్లమూ ఇనుమూ ఊరేసిన నల్లరంగులో ముంచి, అంచు పొడవునా పువ్వులు అద్దేస్తున్నారు. ఒక్క పువ్వూ వంకర పోలేదు.

"అచ్చులు దాచావు. బెండకాయలు కూడా దాస్తావా?" అని తలెత్తకుండా అడిగారు.

గోడ ఇవతల నుంచి నేను చూస్తున్నాను. అతను పంచెనీ తల్లినీ మార్చి మార్చి చూశాడు. చివరికి పక్కుమని నవ్వేశాడు. కళ్ళు తుడుచుకుని నిచ్చెన తెచ్చి, అచ్చులన్నీ తనే దించాడు. పెళ్ళికి ఆ పంచెతోనే వెళ్ళాడు.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆవిడ ఆ మంచం దగ్గర నిలబడే పనిచేశారు. నాకూ అచ్చు కొట్టడం అక్కడే నేర్పారు. పోయాక వెంకటేశ్వరరావు నాకు ఫోన్ చేశాడు. "అచ్చులూ, ఆ మంచమూ మీరు తీసుకెళ్ళండమ్మా. దాని మీద పడుకోవాలంటే మాకెవరికీ మనసొప్పట్లేదు," అన్నాడు.

మొన్న నేను రిటైరైతే ఆసుపత్రివాళ్ళు శాలువా కప్పి పడక కుర్చీ బహుమతిగా ఇచ్చారు. ఆడపడుచు, "ఇకనైనా కృష్ణా రామా అనుకో వదినా," అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరండీ వీళ్ళంతా, నన్ను మూల కూర్చోబెట్టడానికి? నా మోకాళ్ళు నొప్పెడితే నా మోకాళ్ళు చూసుకుంటాయి.

ఆ పడక కుర్చీ మీద ఇప్పుడు తడిగుడ్డలు ఆరుతున్నాయి. గుడ్లవల్లేరులో మా వరండాలో ఇటుకల మీద ఆ మంచం ఉంది. పొద్దున్నే మా వీధి ముసలమ్మలు, కర్రతో ఒకరు, కళ్ళజోడుతో ఒకరు వచ్చి దాని చుట్టూ నిలబడి అచ్చులు కొడతారు. మా పువ్వులు వంకర పోతాయి, రంగు చీరల మీద పడుతుంది, పోట్లాటలూ అవుతాయి. నిన్న కొత్తగా వచ్చినావిడ ఆయాసపడుతూ, "కాసేపు ఈ మంచం మీద నడుం వాల్చనా అమ్మా?" అని అడిగింది. కుర్చీ మీది గుడ్డలు తీసి ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాను.

మంచం మాత్రం ఇవ్వలేదు. ఆవిడ ఆయాసం తీరగానే చేతిలో అచ్చు పెట్టాను.