ఎస్తేరు మేడం నాలుక

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి టీ తాగాను. మొదటి గుక్కకే బంగాళాఖాతం గొంతులో అలలు కొట్టింది. రెండో గుక్కలో రొయ్యలు ఈదాయని కూడా చెప్పగలను గానీ, అంతలో ఎస్తేరు మేడం గుర్తొచ్చి గ్లాసు దించేశాను.

విజయవాడలో చదివే రోజుల్లో ఆవిడ మాకు భూగర్భశాస్త్రం చెప్పేవారు. అదొక్కటే అనుకునేరు! ఓ రోజు మంగళగిరి మగ్గాల దగ్గర చీర రంగు ఎందుకు వెలుస్తోందని ఆరా తీసేవారు. ఇంకో రోజు కూచిపూడి బావుల్లోకి తొంగిచూసేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గంటకు పట్టిన తుప్పు గీకి పొట్లం కట్టేవారు. ఆవిడ బీరువా తెరిస్తే సగం కృష్ణాజిల్లా మన నెత్తిన పడేది.

“ఒక్క మనిషికి ఎన్ని సబ్జెక్టులండీ మేడం? మాక్కూడా కాస్త ఉంచండి,” అని మా హెచ్ఓడీ గారు ఎకసెక్కమాడేవారు.

“నాకున్నది ఒకటేనండీ, నీళ్లు. అవే నన్ను ఇన్నిచోట్లకి తిప్పుతున్నాయి,” అనేవారావిడ.

ఏ పొలానికి వెళ్లినా, ఉప్పెంతుందో చూడ్డానికి ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేవారు. ల్యాబ్ రిపోర్టు వారం తర్వాత తీరిగ్గా వచ్చి ఆవిడ మాటకే తలూపేది. “మేడం భోజనం మొదలెట్టారర్రా,” అని నేను వెనకనుంచి అంటే, “నీకూ వడ్డిస్తా, రారా,” అని నా నోట్లోనూ వేసేవారు.

తర్వాత ఆవిడ గొంతుకు క్యాన్సరొచ్చింది. రేడియేషన్ అయ్యాక మొదటిసారి సముద్రం వైపు ఊళ్లో సుబ్బారావు గారి చేనుకు వెళ్లాం. అప్పటికి నేను ఆవిడ దగ్గరే రీసెర్చి చేస్తున్నాను.

“రొయ్యల చెరువు తవ్వెయ్యమంటన్నారండీ అందరూ. వరి పండుద్దో లేదో మీరే చెప్పాలండీ,” అన్నారాయన.

మేడం మట్టి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నారు. మళ్లీ వేసుకున్నారు. నావైపు తిరిగి, “ఏ రుచీ తెలియట్లేదురా. నువ్వు చూడు,” అన్నారు మెల్లగా.

చూశాను. “సముద్రమేనండీ మేడం, పడవ తెప్పిస్తే...” అని అలవాటుగా మొదలెట్టాను.

“పెంచకు. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎంతుందో అంతే చెప్పు.”

మళ్లీ చూశాను. “ఉప్పు కొంచెమేనండీ. కాలవ నీళ్లు పెట్టి తీసేస్తే పోతుంది.”

వారం తర్వాత ల్యాబ్ కూడా అదే అంది. సుబ్బారావు గారు నాట్లు వేశారు. చేను కోతకొచ్చేసరికి మేడం లేరు. కొత్తబియ్యం మూటతో వచ్చి, ఆవిడ ఖాళీ కుర్చీ ముందు, అది ఎక్కడ దించాలో తెలియక, ఆయన అలాగే నిలబడిపోయారు.

“టీ ఎలా ఉందండీ?” అన్నాడు కొట్టతను.

బంగాళాఖాతం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“నీళ్లు ఉప్పెక్కాయండీ,” అన్నాను. “కొంచెమే.”