రెండో కెమెరా చూసిన పెళ్లి

భూపాలపల్లిలో మా స్టూడియోకి కెమెరావాళ్లం ఇద్దరమే. మండపం ఎదురుగా నేను, పక్కనుంచి రెండో కెమెరాతో లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన మావాడు. వాడి సంగతి ఏం చెప్పను! జీలకర్ర బెల్లం తియ్యమంటే బాజావాళ్ల చెప్పులు వీడియో తీసుకొస్తాడు. "గిదేందిరా?" అంటే, "జర మంచిగనిపిచ్చిందన్నా" అంటాడు. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే. వాడితో వేగలేక నాకు బీపీ వచ్చింది, ఒట్టు.

పోయిన వేసవిలో మేం పెళ్లి తీసిన ఒక ఆడపిల్ల మొన్న స్టూడియోకి వచ్చింది. వాళ్ల నాయిన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆమె పెళ్లైన కొన్నాళ్లకే గుండెపోటుతో పోయాడు. తల్లి అంతకుముందే లేదు. భార్య లేని మనిషి కన్యాదానం చెయ్యకూడదంటారు కదా, అందుకని పీటల మీద చిన్నాయిన, చిన్నమ్మ కూర్చున్నారు. మేమిచ్చిన వీడియోలో తండ్రి ఎక్కడా లేడు.

"పుస్తె కట్టేటప్పుడు నాయిన కోసం చూసిన అన్నా. కనవడలే. అసలు నా పెండ్లి మీద ఆయన పానం ఉండెనో లేదో" అంది. "మీరు కట్ చెయ్యకముందుది మొత్తం పెట్టున్రి. నడుమ ఆపొద్దు."

నా కెమెరాలోది అయిపోయింది. ఆయన లేడు. ఇక మావాడిది పెట్టాను. ఐస్‌క్రీం డబ్బా, అలిగిన చిన్నపిల్ల, టెంటు తాడుకు ఆరేసిన తువ్వాల. నేను తల పట్టుకున్నాను. ఆమె మాత్రం కళ్లు తిప్పలేదు. ఒకచోట ఐదు నిమిషాలు కూర్చోలేని మావాడు కూడా ఫోన్ మోగినా లేవలేదు.

పుస్తె కట్టే వేళకి వాడి కెమెరా వంటల టెంటులో తిరుగుతోంది. బగారా అన్నం గిన్నెల పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు.

"బాపూ, తిన్నవా?" అని మావాడి గొంతు.

"బిడ్డ పెండ్లి గాకముందు ఎట్ల తింటనయ్యా? పీటల మీద కూసోకపోతేంది, ఒక్కపొద్దయితే నాదే గదా" అన్నాడాయన.

అంతలో గట్టిమేళం మోగింది. ఆయన అంగీ జేబులోంచి అక్షింతలు తీసి, మండపం ఉన్న దిక్కుకు రెండు చేతులా చల్లాడు. అవి టెంటు గుడ్డకు తగిలి అక్కడే రాలిపోయాయి. కండువాతో కళ్లు ఒత్తుకుంటుండగా మావాడి కెమెరా ఒక మేకపిల్ల వెంట పోయింది.

"అరేయ్, ఇంకొంచెంసేపు ఉంటే నీ సొమ్మేం పోయేదిరా!" అని అరిచాను.

ఆమె ఏడుస్తోంది. "నన్ను ఇడిసిపెట్టి ఎటో పోయిండని అలిగిన అన్నా. చెప్పకుండనే కారెక్కిన. మళ్ల వచ్చినప్పుడు గూడ సక్కగ మాట్లాడలే."

మావాడు తల దించుకున్నాడు. ఆమె వాడివైపు తిరిగింది.

"తిన్నవా అని నువ్వయినా అడిగినవన్నా" అంది.