పురిటి గది

జల్లాఖ్ దగ్గర, నన్ను వీసా మీద తెప్పించుకున్న అరబ్బు కఫీల్ తోట ఇంట్లో నేను వంటకు ఉన్న రోజుల్లో, అక్కడ తోటపని చేసేవాడు ఒక నేపాలీ. నన్ను దీదీ అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే. మాట అందకపోతే చేతులతో పూర్తి చేసుకునేవాళ్ళం.

కఫీల్‌కు తేనె పిచ్చి. ఈజిప్టు నుంచి మూడు పెట్టెల ఈగల్ని తెప్పించాడు. పలచటి చెక్క పెట్టెలు. అక్కడి ఎండ మీకు తెలియనిది కాదు, రెండు పెట్టెల్లో మైనం కరిగి, ఈగలన్నీ ఆ ముద్దలోనే చచ్చాయి. మిగిలిన ఒక్కటైనా దక్కితే చాలని కఫీల్ తల పట్టుకుంటే ఈ నేపాలీ ముందుకొచ్చాడు. వాళ్ళ కొండల్లో ఇల్లు కట్టేటప్పుడే ఈగల కోసం గోడలో గూడు వదులుతారట. బయటివైపు వేలు దూరేంత కన్నం, లోపలివైపు తీసి పెట్టే పలక. మనుషులూ ఈగలూ ఒకే ఇంట్లో కాపురం.

తోటలో పాతకాలపు సామాన్ల గది ఉండేది. సముద్రపు రాయితో కట్టినది, మూరెడు మందం గోడలు. ఎండ తగలని వైపు చూసుకుని గూడు తొలిచాడు. గొర్రె పెంటికలు నానబెట్టి, తోటమట్టిలో పిసికి లోపలంతా అలికాడు. అలకడమంటే మన చేతి పనే కదా, నేనూ కూర్చున్నాను. "దీదీ, తప్పి వేరే ఊళ్ళో పుట్టావు, నువ్వు మా కొండదానివి" అన్నాడు. ఆ ఎండాకాలం, పెట్టెలోంచి మార్చిన ఈగలు గోడలో చల్లగా బతికాయి.

అప్పుడే కఫీల్ తమ్ముడికి మాట ఇచ్చాడు. రంజాను పండక్కి సొంత తోట తేనె అతిథుల ముందు పెడితే, పండగ కాగానే పాస్‌పోర్టు చేతికిచ్చి సెలవు మీద పంపిస్తానని. తమ్ముడు ఇల్లు వదిలి నాలుగేళ్ళు. బయల్దేరేటప్పుడు పెళ్ళానికి ఐదో నెల. పుట్టిన ఆడపిల్లను ఫొటోలోనే చూశాడు. ఆ ఫొటోను బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించుకున్నాడు. రోజుకు రెండుసార్లు మూత తీస్తాడు కదా మరి.

తేనె తీసేటప్పుడు ఖర్జూరపు పీచు రాజేసి, కాస్త పొగ ఊది, వెనకవైపు పట్టులు ఒకటో రెండో కోసేవాడు. కన్నం వైపువి ముట్టేవాడు కాదు. పలక పెట్టి మళ్ళీ మట్టి మెత్తేవాడు. నాకది విడ్డూరం. మా గోదావరి వైపు తేనె కొట్టేవాళ్ళు ఈగల్ని తరిమి పట్టు మొత్తం దింపుతారు. ఈగలు ఇంకో కొమ్మ చూసుకుంటాయి.

"చేతికొచ్చిందాన్ని గోడకి వదిలేత్తావేంట్రా, పిసినారి తమ్ముడా" అనేదాన్ని.

"నువ్వు పోపు పెట్టు దీదీ, ఆ ఘాటుకి ఈగలు నిన్ను తిట్టుకుంటూ అవే పోతాయి" అనేవాడు.

నవ్వుకున్నాం. ఎందుకు వదులుతావని నేను ఒక్కసారీ అడగలేదు.

పండగ ముందు రోజు నీళ్ళ మోటారు బాగుచేయించుకు రమ్మని అతన్ని సల్మాబాద్ పంపారు. పండక్కని ముందే ఒక సీసా నింపి పెట్టాడు. ఇంటావిడ దాన్ని చూసి పెదవి విరిచింది. ముప్పై మంది వస్తున్నారు, ఇంకా తియ్యి, యల్లా, త్వరగా అంది. తమ్ముడు వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చు. చెప్పలేదు. తేనె ఎంత ఎక్కువైతే కఫీల్ అంత సంతోషిస్తాడు, ఇచ్చిన మాట అంత గట్టిగా నిలబెడతాడు అనుకున్నాను. దట్టంగా పొగ పెట్టి, కన్నం దాకా చెయ్యి పోనిచ్చి, వంటింటి కత్తితో అన్నీ కోసేశాను. గుడ్డలో వేసి పిండితే మూడు సీసాలు వచ్చాయి. తమ్ముణ్ణి ఆశ్చర్యపరచాలని వరసగా పెట్టాను.

వచ్చి సీసాలు చూశాడు. సామాన్ల గదిలోకి పోయి పలక తీసి చూశాడు. నా దగ్గరికొచ్చి, కుట్టి వాచిన నా చెయ్యి చూశాడు.

"వెనకది వాటి తిండి గది దీదీ. అందులో సగం మనం తినొచ్చు. ముందుది పురిటి గది. పిల్లల్నీ, వాటి తల్లినీ పిండేశావు."

పండగ బాగా జరిగింది. అతిథులు వేళ్ళు నాకారు. కఫీల్ అందరి ముందూ అతని భుజం తట్టాడు. పది రోజులు తిరక్కుండా గోడ కింద చచ్చిన ఈగలు పొట్టులా రాలాయి. మిగిలిన కాసినీ ఎటో పోయాయి.

పోయేవాడు కదా, తన వెనక ఎవరికీ దక్కకూడదని చంపిపోతున్నాడని కఫీల్ మండిపడ్డాడు. ఈగలు లేవు, సెలవు లేదు, ఖలాస్ అన్నాడు. నేను టీ పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాను. కోసింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నా అగ్రిమెంటు ఇంకా ఏడాది ఉంది. కప్పుల్లోకి చూస్తూ నిలబడ్డాను. ఇంటావిడకూ తెలుసు, ఆవిడా అనలేదు. తమ్ముడు నా వంక ఒక్కసారి చూశాడు, నా పేరు ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఏడాది గడిచి నేను ఇంటికి వచ్చేసే రోజున కూడా అతను ఆ తోటలోనే ఉన్నాడు.

ఆ పండగ వెళ్ళిన నెలలోనే కఫీల్ గోడకున్న కన్నం మూసేయమన్నాడు. తమ్ముడే సిమెంటు కలిపాడు. నీళ్ళు నేను మోశాను.

"ఇంకాస్త పొయ్యి దీదీ" అన్నాడు. పోశాను.