టోపీ తీయని ఫోటో

మస్కట్ దార్సైట్‌లో ఉన్న నా స్టూడియోకి వచ్చేవాళ్లలో చాలామంది వీసా ఫోటోకే వస్తారు. టోపీ తీయి, కళ్లజోడు తీయి, చెవులు కనపడాలి, నవ్వొద్దు. ఈ నాలుగు మాటలు తెలుగు, హిందీ, అరబ్బీ భాషల్లో నిద్రలో లేపినా చెప్పగలను. మనుషుల మొహాల్లో నవ్వులు ఆర్పడమే నా వృత్తి అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది గానీ, అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి నాకు కార్డుల పిచ్చి పట్టించింది అమెరికాలో చదువుకుని వచ్చిన ఒక ఒమానీ పెద్దమనిషి. ఒకరోజు పాత బేస్‌బాల్ కార్డు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి, దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాడు. అరచేతిలో పట్టే అట్టముక్క. ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని ఆట వివరాలు. అక్కడ పిల్లలూ పెద్దలూ వీటిని పోగుచేసి ఒకరితో ఒకరు మార్చుకుంటారట. ఆ ఫోటోలు తీసేవాళ్ల కథలు హిందీలో చెబుతూ కూర్చున్నాడు. పొద్దున్నే మైదానానికి వెళ్లి, ఆటగాళ్లను వరసగా పిలిచి, ఆడుతున్నట్టు నటించమని తీసేవారట. కుడిచేతి ఆటగాడు కొంటెతనానికి ఎడమచేతివాడిలా నిలబడితే, కెమెరా పట్టినవాడు గమనించక అది అలాగే అచ్చయిపోయిన సందర్భాలూ ఉన్నాయట. ఆ తప్పు కార్డుల కోసమే జనం ఎగబడతారట. నా టీ చల్లారిపోయేదాకా విన్నాను.

మా శుక్రవారం జట్లకు అలాంటి కార్డులు చేయాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. కంపెనీ క్యాంపుల్లో ఉండే మనవాళ్లు, మేస్త్రీలు, డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, శుక్రవారం పొద్దున కొండ పక్కన కంకర నేల మీద క్రికెట్ ఆడతారు. ముందు రెండు జట్లు చాలనుకుని, కెమెరా, తెల్ల తెర పట్టుకుని వెళ్లాను. నేను కెమెరా ఎత్తగానే ఒక్కొక్కడూ తనంతట తానే టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాలర్ గుండీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టాడు. నాకు అందులో తప్పేమీ తోచలేదు. పైగా ఒకడు పళ్లు కనపడనిస్తే నోరు మూయమని కసిరాను కూడా!

కార్డులు అచ్చయి వచ్చాయి. మెరిసే అట్ట, వెనక పరుగులు, వికెట్లు, అన్నీ బాగున్నాయి. ముందువైపు చూస్తే ఇరవై రెండు మందీ ఎయిర్‌పోర్టు కౌంటర్ ముందు నిలబడ్డట్టు ఉన్నారు. ఏ కార్డు చూసినా ఒకటే అయినప్పుడు ఎవడు ఎవడితో మార్చుకుంటాడు? ఒక డ్రైవరు తన రెసిడెంట్ కార్డు, ఇక్కడి అరబ్బీలో బతాకా, తీసి పక్కన పెట్టాడు.

"అన్నా, మాకు బతాకా ముందుగాల్నే ఉన్నది గదా. మళ్ల ఇంకోటి ఎందుకిచ్చినవ్?"

అందరూ పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నవ్వనివాడు ఒక్కడే. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ప్లాస్టరింగ్ మేస్త్రీ, ఆ జట్టుకు స్పిన్ బౌలర్. అందరూ వెళ్లాక కార్డు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"అన్నా, వచ్చే ఐతారం నేను వీసా క్యాన్సిల్ చేసుకొని ఇంటికి వోతున్న. మళ్ల రాను. ఇన్నేండ్ల సంది ఈడ బాల్ ఏస్తున్ననంటే మా ఇంటామె నమ్మది. వీడియో కాల్ల రూమ్ల మంచం మీద కూసున్నోన్నే సూశింది గదా. ఈ కార్డు సూపెడ్తే మళ్ల వీసాకు ఫోటో దిగిండనుకుంటది."

"శుక్రవారం మ్యాచ్ ఉన్నది గదా తమ్మీ. బాల్ ఏసేటప్పుడే తీస్త."

"గదే నా ఆఖరి మ్యాచ్ అన్నా."

మాటైతే ఇచ్చేశాను గానీ, కదిలే మనిషిని ఫోటో తీసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. ఆ వారమంతా షాపు ముందు పోయే కార్లను తీసి సాధన చేశాను. చాలావాటికి వెనక దీపాలే వచ్చాయి.

శుక్రవారం బౌలర్‌కు ఎదురుగా, ఒక పక్కగా, ఫీల్డర్ కాళ్ల దగ్గర కూర్చున్నాను. మా మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. నా చేతిలో కెమెరా చూశాడు. పరుగు ఆపి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు! బ్యాట్స్‌మన్ బ్యాట్ ఎత్తి అలాగే ఉండిపోయాడు. అంపైర్ నన్ను తిట్టాడు. తర్వాతి బంతులకు ఆగలేదు గానీ మొహం మాత్రం కర్రలా పెట్టాడు. మూడు ఓవర్లయ్యేసరికి నా దగ్గరున్నవన్నీ బౌలింగ్ చేస్తున్న వీసా ఫోటోలే. అతనికి ఇక ఒక్క ఓవరే మిగిలింది.

అప్పుడు షాపులో రోజూ కళ్లముందు జరిగేది గుర్తొచ్చింది. ఫోటో తీశాక నేను "అయిపోయింది" అంటాను. ఆ మాట వినగానే ఎవరైనా సరే భుజాలు దించి, ఊపిరి వదిలి, మామూలు మనిషి అయిపోతారు. ఎంత చక్కని మొహాలో అవి! అప్పటికి నేను కెమెరా పక్కన పెట్టేసి ఉంటాను. ఇన్నేళ్లూ ఆ మొహాలను వదిలేశానే అని నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది.

"అయిపోయింది తమ్మీ! ఫోటో మస్తు వచ్చింది!" అని గట్టిగా అబద్ధమాడాను.

కెమెరా ఒళ్లో పెట్టుకుని, లెన్సు ఒక్కటీ బయట ఉంచి మీద తువ్వాలు కప్పాను. నీళ్ల సీసా ఎత్తి తాగుతున్నట్టు నటించాను. అతని అడుగులు అప్పటికి నాకు కంఠతా వచ్చేశాయి. ఐదు నెమ్మదిగా, రెండు గబగబా. టోపీ వంకరగా జారింది, నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చింది. గోడ మీదికి సిమెంటు విసిరే ఆ మణికట్టును గిర్రున తిప్పి బంతి వదిలాడు. నేను నొక్కాను. అటువైపు పెద్ద కేక లేచింది. నేను అటు చూడనే లేదు, తువ్వాలు లాగేసి స్క్రీను చూసుకున్నాను. బంతి వేళ్లను విడిచి బెత్తెడు దూరంలో గాల్లో ఉంది. వెనక మొహంలో ఎంత ధీమా! "వచ్చింది!" అని నేనూ ఎగిరి గంతేశాను.

శనివారం స్టూడియో ప్రింటర్ మీదే ఆ కార్డు అచ్చు వేశాను. బతాకా అని వెక్కిరించిన డ్రైవరే మొదట వచ్చి, తన దగ్గరున్న మూడు కార్డులిస్తాను, ఆ ఒక్కటి ఇమ్మన్నాడు. మిగతావాళ్లు తమకూ టోపీతోనే తీయాలని పట్టుబట్టారు. నిజ్వా ఊరి నుంచి ఒక జట్టు, మాకెప్పుడు తీస్తావని ఫోన్ చేసింది. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పుకోక ఆగలేను. ఆదివారం మేస్త్రీ తన కార్డు చొక్కా జేబులో పెట్టుకుని విమానమెక్కాడు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, షాపు నిండా జనం ఉండగా అతని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద అతని భార్య. చేతిలో కార్డు.

"అన్నా, గీ ఫోటో తీసింది నువ్వేనా? మరి బాల్ ఎటు వోయింది? ఔటయిండా, లేదా? ఈయనేమో అయిండంటడు!"

ఆ బంతిని నేను కళ్లతో చూడలేదు. కానీ దాని గురించి ఆ నాలుగు రోజుల్లో నేను వినని పూట లేదు.

"ఔటే చెల్లె! నడిమి వికెట్ లేశి కీపర్ కాళ్లల్ల వడ్డది!"

 ఆమె ఫోన్‌ను దేనికో ఆనించి పెట్టి పక్కకు తిరిగింది.

"అట్లయితే నాకోపారి ఏశి సూపెట్టు" అంటూ భర్త చేతికి ఒక నిమ్మకాయ ఇచ్చింది. వాకిట్లోకి వెళ్లి చీపురు గోడకు ఆనించి నిలబెట్టింది.

అతను టోపీ సర్దుకుని వెనక్కి నడిచాడు. ఐదు నెమ్మదిగా, రెండు గబగబా. చీపురు పడిపోయింది. అక్కడ ఆమె చేతులెత్తింది, ఇక్కడ వీసా ఫోటోకు కూర్చున్నవాడితో సహా షాపంతా ఔటని అరిచింది.